ప్రకటనల గురి ఎంత ఇరుకుగా ఉండాలి?

ఫేస్‌బుక్‌లో తాము మరీ ఇరుకైన వర్గాలను ఎంచుకుని పొరబడ్డామని 2016లో ఇంటి సరుకుల సంస్థ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ చీఫ్ బ్రాండ్ ఆఫీసర్ మార్క్ ప్రిచర్డ్ బాహాటంగానే ఒప్పుకున్నారు. దుర్వాసన పోగొట్టే ఫెబ్రీజ్ స్ప్రే ప్రకటనలను పెంపుడు జంతువులున్నవారికి, పెద్ద కుటుంబాలకు గురిపెట్టినప్పుడు అమ్మకాలు కదల్లేదు. 18 ఏళ్లు దాటిన అందరికీ చూపడం మొదలుపెట్టాక పెరిగాయి. ఈ ఉదంతాన్ని పట్టుకుని విస్తృత టార్గెటింగే మేలని తేల్చేసేవారు ఒక సంగతి మరుస్తున్నారు: ఫెబ్రీజ్ దాదాపు ఏ ఇంటికైనా పనికొచ్చే సరుకు. రాజమహేంద్రవరంలోని ఒక దంతవైద్యశాల తన ప్రకటనను ఆదిలాబాద్‌లో చూపిస్తే ఆ డబ్బు గోదాట్లో పోసినట్లే.

కాబట్టి సరుకు చేరగల హద్దును గీసుకోవలసిందే. చిక్కంతా ఆ హద్దు లోపల వయసు, అభిరుచి అంటూ ఇంకా గీతలు గీయడంలో ఉంది. దేశమంతా కొరియర్‌లో ఆవకాయ పంపే విజయవాడ వ్యాపారి ‘30–45 ఏళ్ల మహిళలు, వంటపై ఆసక్తి’ అని ఎంచుకుంటే, బెంగళూరులో గది అద్దెకు తీసుకుని ముగ్గురు స్నేహితులతో ఉంటున్న పాతికేళ్ల కుర్రాడు, అంటే పచ్చడి సీసా అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నవాడు, ఆ జాబితాలోంచి జారిపోతాడు.

ఇక ఖర్చు లెక్కకు వద్దాం. ఒక యాడ్ సెట్ (ఒకే వర్గానికి, ఒకే బడ్జెట్టుతో చూపే ప్రకటనల గుంపు) నేర్చుకునే దశ, అంటే ఎవరికి చూపితే ఫలితం వస్తుందో వ్యవస్థ తెలుసుకునే తొలి దశ, దాటాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు రావాలని ఫేస్‌బుక్ యజమాని మెటా చెబుతుంది. ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చు రూ.200 అనుకుంటే వారానికి రూ.10,000 అవుతుంది. చేతిలో ఉన్నది అంతే అయినప్పుడు దాన్ని ఐదు వర్గాలకు పంచితే ఒక్కొక్కదానికి పది ఆర్డర్లు రావడమే గగనం, ఏ ఒక్కటీ నేర్చుకోదు. పైగా ఆర్డరుపై కాయ, నూనె, ప్యాకింగ్, కొరియర్ ఖర్చులు పోను మిగిలేది రూ.180 మాత్రమే అయితే, ఆ రూ.200 ఖర్చే నష్టం. అప్పుడు మార్చవలసింది గురిని కాదు, ధరను లేదా ప్యాక్ సైజును.

ఇరుకు గురికి ఉన్న ఆకర్షణలో సగం రిపోర్టుల మాయ అని నా అభిప్రాయం. ఇప్పటికే వెబ్‌సైటు చూసి వెళ్లినవారికి మళ్లీ ప్రకటన చూపితే రూపాయికి పది రూపాయల అమ్మకం కనిపించవచ్చు, కానీ వారిలో ఎందరు ప్రకటన లేకున్నా కొనేవారో ఆ రిపోర్టు చెప్పదు. 2012లో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే తన సొంత పేరుపై ఇచ్చే సెర్చ్ ప్రకటనలను కొన్ని సెర్చ్ ఇంజిన్లలో ఆపి చూస్తే, ఆ క్లిక్కుల్లో 99.5 శాతం ఉచిత ఫలితాల ద్వారా ఎలాగూ వచ్చాయి. అందరికీ తెలిసిన పేరు గనుకే అన్ని క్లిక్కులు ఉచితంగా వచ్చాయన్నది నిజమే, అయినా తన పేరు వెతుక్కుంటూ వచ్చేవారిపై డబ్బు పెట్టే ప్రతి చిన్న సంస్థా ఆలోచించవలసిన విషయమిది.

అందుకే నిత్యావసరాలు, చౌక సరుకులు అమ్మేవారు డెలివరీ హద్దు తప్ప మరే గీతా లేకుండా మొదలుపెట్టి, వడపోత పనిని ప్రకటనలోని బొమ్మకు, మాటకు వదిలేయడం మంచిది. నెలకు రెండు మూడు అమ్మకాలే జరిగే కోటి రూపాయల ఫ్లాట్లు, ఫ్యాక్టరీ యంత్రాల వంటి వాటిలో మాత్రం వ్యవస్థ నేర్చుకునేందుకు సరిపడా ఫలితాలే ఉండవు. అక్కడ గూగుల్‌లో ఎగ్జాక్ట్ మ్యాచ్ పదాలతో, అంటే ఆ మాటనే లేదా అదే అర్థమున్న మాటను వెతికేవారికే ప్రకటన కనిపించేలా, ఇరుకుగా వెళ్లడమే లాభం. రెంటి మధ్య ఊగిసలాడేవారు దాదాపు సమానంగా అమ్మకాలున్న రెండు జిల్లాలను తీసుకుని, ఒకదానిలో నెలపాటు ఇరుకు ప్రకటనలను పూర్తిగా ఆపి, రెండుచోట్లా మొత్తం ఆర్డర్లను పోల్చి చూడాలి. ఆపిన జిల్లాలో ఆర్డర్లు తగ్గకపోతే ఆ బడ్జెట్టును కొత్తవారి వైపు మళ్లించవచ్చు.