చమోరోను దెబ్బతీసింది అరువు మాటలు కాదు, బడి

పరాయి మాటలు ఎక్కువైతే భాష చచ్చిపోతుందని బెంగపడేవాళ్లు పసిఫిక్ మహాసముద్రంలో మైక్రోనేషియా అనే దీవుల ప్రాంతంలోని గువామ్ వైపు ఒకసారి చూడాలి. అక్కడి సొంత భాష చమోరో. 1668లో స్పెయిన్ మిషనరీలు దిగినప్పటి నుంచి 1898 దాకా స్పానిష్ పెత్తనమే. యుద్ధాలు, రోగాలు జనాన్ని కొన్ని వేలకు కుదించేశాయి. భాషలో సగం దాకా స్పానిష్ మాటలే వచ్చి చేరాయి. ఆఖరికి అంకెలు కూడా మారిపోయాయి. హాచా, హుగువా, తులు పోయి ఊనో, దోస్, త్రెస్ వచ్చాయి. అయినా చమోరో నిక్షేపంగా బతికింది!

ఎలాగంటే, స్పానిష్‌లో ‘కుయెంతోస్’ అంటే కథలు. చమోరోలు దాన్ని మాట్లాడటం అనే అర్థంలో తీసుకుని, మొదటి హల్లు పక్కన తమ ‘ఉమ్’ చొప్పించి ‘కుముయెంతోస్’ చేసుకున్నారు. ఇలా మాట మధ్యలో ప్రత్యయం దూర్చడం స్పానిష్‌కు తెలియని పద్ధతి. వచ్చిన మాటే చమోరో వ్యాకరణానికి లొంగింది.

అసలు దెబ్బ తర్వాత పడింది. 1898లో గువామ్ అమెరికా నేవీ చేతికి వెళ్లింది. 1917లో ఇంగ్లిష్ మాత్రమే అని ఉత్తర్వు. 1922లో చమోరో నిఘంటువులు పోగేసి తగలబెట్టారు. బడిలో చమోరో మాట్లాడిన పిల్లలకు శిక్షలు, జరిమానాలు. ఆ శిక్షలు తిన్నవాళ్లే పెద్దయ్యాక, మా పిల్లలకు ఈ టెన్షన్ వద్దనుకుని ఇంట్లోనూ ఇంగ్లిష్‌కు మారారు. రెండు మూడు తరాల్లో పని అయిపోయింది.

పక్కనే ఉత్తర మరియానా దీవులున్నాయి. అదే భాష, అవే స్పానిష్ మాటలు. 1899లో స్పెయిన్ వాటిని జర్మనీకి అమ్మేసింది, 1914లో జపాన్ ఆక్రమించింది. జపాన్ బడులూ తమ భాషనే రుద్దాయి, కానీ ఆ పాలన ముప్ఫై ఏళ్లకే ముగిసింది. గువామ్‌లో మాత్రం 1941-44 నాటి జపాన్ ఆక్రమణ మినహా ఇంగ్లిష్ బడి పెత్తనం ఆగలేదు. ఇవాళ ఆ ఉత్తర దీవుల్లోని రోటా, సైపాన్‌లలో చమోరో గువామ్‌లో కంటే గట్టిగా నిలిచింది. అరువు మాటలే కారణమైతే రెండు చోట్లా ఒకేలా జరగాలి కదా?

ఇంగ్లిష్ లేకపోతే ఉద్యోగాలెలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. అదే ప్రాంతంలోని చిన్న దేశం పలావులో ఇంగ్లిష్ కూడా అధికార భాషే, కరెంటును ఇప్పటికీ జపనీస్ మాట ‘దెంకి’తోనే పిలుస్తారు. అయినా ఇళ్లలో వినిపించేది ఎక్కువగా పలావన్ భాషే. ఇంగ్లిష్ నేర్పడం వేరు, ఇంటి భాష పలికితే శిక్షించడం వేరు. ఏ దేశంలోనైనా పసిపిల్లల చదువు ఇంటి భాషలోనే మొదలవ్వాలని నేను మొండిగా వాదించేది ఇందుకే.

గువామ్ 1974లో చమోరోను అధికార భాషగా గుర్తించింది. కానీ పేరుకు ఒక పీరియడ్ పెట్టి పాఠం చెబితే భాష తిరిగి రాదు. గువామ్‌లోని హురావ్ అకాడమీలా పిల్లలతో పూర్తిగా చమోరోలోనే మాట్లాడే బడులు ఊరూరా కావాలి. వాటి ఖర్చు వాషింగ్టన్ భరించాలి. జపాన్‌లోని ఒకినావా నుంచి మెరైన్ సైనికులను తెచ్చి దించడానికి అదే దీవిలో క్యాంప్ బ్లాజ్ అనే స్థావరం కట్టుకున్న ప్రభుత్వం డబ్బు లేదని అనడానికి వీల్లేదు.