ఎడమ చేతి గ్లౌజు ఎందుకు చిరగదు?

తోటపనికి గ్లౌజులు కొనడం చిన్న విషయమని ఎవరైనా అంటే, వాళ్ల కుండీల్లో ఉన్నవి ప్లాస్టిక్ మొక్కలని అర్థం. ఈ రంగంలో చేతులు కాల్చుకున్నవాడిగా, అంటే చేతులు గీరుకున్నవాడిగా, నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది.

మొదట నేను కొన్నవి నూలువి. తెల్లగా, మెత్తగా ఉన్నాయని ముచ్చటపడ్డాను. తడి మట్టిలో చెయ్యి పెట్టగానే అవి గ్లౌజుల ఉద్యోగం మానేసి దీపం వత్తుల్లా నీళ్లు పీల్చడం మొదలుపెట్టాయి. వీటితోనే పురుగుమందు కొట్టే ధైర్యశాలులు కూడా ఉన్నారు. మందును పీల్చుకుని చర్మానికి హత్తుకుని ఉంచడంలో నూలుకీ తోలుకీ సాటి లేదు. ఆ పనికి అస్తరు లేని, మణికట్టు దాటే రబ్బరు రకమే వాడాలి. ఏ రకమో మందు డబ్బా మీదే రాసి ఉంటుంది. చదివేవాళ్లు తక్కువ, అది వేరే సంగతి.

తర్వాత గులాబీల కోసం మోచేతి దాకా వచ్చే తోలు గ్లౌజులు తెచ్చాను. మేకతోలు, మెత్తగానే ఉంటుంది. వేసుకుని అద్దంలో చూసుకుంటే యుద్ధానికి బయల్దేరిన సేనాపతిలా ఉన్నాను. ముళ్ల దగ్గర ఆ దర్జా నిలబడింది. అదే ఊపులో వంగనారు ఒక్కో మొక్కా విడదీద్దామని కూర్చుంటే గుప్పెడు నారు వేళ్లతో సహా ఊడి వచ్చింది. సేనాపతులు నారు ఎందుకు తియ్యరో అప్పుడు తెలిసింది.

కాబట్టి చదువుకుని కొందామనుకున్నాను. కొన్ని గ్లౌజుల మీద ఈఎన్ 388 అని ఒక ముద్ర (గ్లౌజుల గట్టిదనానికి యూరప్ పెట్టిన ప్రమాణం), దాని కింద 4131ఎక్స్ లాంటి మార్కుల జాబితా ఉంటుంది. రాపిడికి, కోతకి, చిరుగుకి, గుచ్చుకోవడానికి వరుసగా ఒక్కో అంకె. చివరి ఎక్స్ ఐదో పరీక్షది, అంటే ఇంకో రకం కోత పరీక్షది; అది రాయలేదని అర్థం. ఇందులో గుచ్చుకోవడానికి వచ్చింది 1, అంటే అత్తెసరు. పోనీ 4 వచ్చినా ఆ పరీక్షలో పొడిచేది మొద్దు మొన. గులాబీ ముల్లు అంత మర్యాదస్తురాలు కాదు. మట్టిలో ధనుర్వాతం క్రిమి ఉంటుంది కనక, గ్లౌజుంది కదా అని టీటీ ఇంజెక్షన్ ఎగ్గొట్టొద్దు.

ఇక సైజు. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ టేపు పెడితే ఎన్ని అంగుళాలొస్తే దాదాపు అదే నంబరు. నాది 8. నేను కొన్నది 10. పెరిగే పిల్లాడికి చొక్కా కొన్నట్టు! వేలి చివర ఖాళీ మిగిలితే ఏమవుతుందంటారా? కొమ్మతో పాటు చూపుడువేలి కొసను కూడా కత్తెరకు అప్పగించాను. లోపల వేలు లేదు కనక బతికిపోయాను.

చివరికి నైట్రైల్ దగ్గర స్థిరపడ్డాను. అరచేతి వైపు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు పూత, వెనక గాలాడే అల్లిక. కలుపు తీయొచ్చు, విత్తనం పట్టుకోవచ్చు. కథ సుఖాంతమే కావలసింది. కానీ రెండు నెలలు తిరిగేసరికి కుడి గ్లౌజుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఎడమది మాత్రం పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది.

కుడిచెయ్యి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదంటారు. నా విషయంలో చాకిరీ కూడా తెలియడం లేదు. ఇప్పుడు నా దగ్గర ఏడు ఎడమ గ్లౌజులున్నాయి. ఒకదాన్ని తిరగేసి కుడిచేతికి తొడిగాను. పట్టింది. కాకపోతే రబ్బరు లోపలికి, అల్లిక బయటికి వచ్చాయి. చెయ్యి లోపల చెమటతో ఉడికిపోయింది, బురద బయట హాయిగా ఇంకింది.

జతగా చావనివాటిని జతగా ఎందుకు అమ్మాలి? విడిగా అమ్మరు కనక నేనే సంబంధాలు చూడటం మొదలుపెట్టాను. కావలసినది: ఎడమచేతివాటం, తోటపిచ్చి, 8 నంబరు. వాళ్లింట్లో కుడి గ్లౌజులు మూలుగుతూ ఉండాలి కదా.

దొరికారు. వెనక వీధిలో ఓ పెద్దాయన, ఎడమచేత్తో పార పడతారు. నేను మూట విప్పాను, ఆయనా విప్పారు. చిల్లు లేని కుడి గ్లౌజులు, ఆరు! ఆత్రంగా ఒకటి తొడుక్కున్నాను. వేలి చివరలు తోటకూర కాడల్లా వేలాడాయి.

"ఇవన్నీ పది నంబరువాండీ?"

"అవును బాబూ. కాస్త వదులుగా ఉంటే మంచిదని."