బండి చేతులు మారితే టైరు వారంటీ ఎందుకు ఆగిపోవాలి?

కిందటేడు పెరంబూరులో ఉండే మా నెల్లూరు ఆయన దగ్గర కారు కొన్నాను. నాలుగు టైర్లూ మార్పించి ఏడాది కూడా కాలేదు. ఆ ధైర్యంతోనే అడిగినంత ఇచ్చాను. మూడు నెలలకు ఊరెళ్తుంటే తడ దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. చెన్నై తిరిగొచ్చాక చక్రం విప్పి చూస్తే ముందు టైరు ట్రెడ్ (నేలకు ఆనే గాళ్ల భాగం) మీద అరచేయంత ఉబ్బు. సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) మీద దెబ్బ లేదు, రిమ్ వంగలేదు. లోపలి పొర విడిపోయిందని మెకానిక్ చాక్‌పీస్‌తో చుట్టూ గీత గీసి చూపించాడు. టైరు డీలరు మాత్రం దాన్ని చూడకముందే బిల్లు అడిగాడు. పాత ఓనరు పేరున ఉంటుందన్నాను. "మీ పేరున లేదు కదండీ, క్లెయిమ్ పంపలేం" అన్నాడు.

అది ఆయన సొంత రూలేం కాదు. వారంటీ మొదట కొన్నవారికే, మొదట బిగించిన బండికే అని చాలా టైరు కంపెనీల షరతుల్లో ఉంటుంది. కారు వారంటీ మిగిలుంటే మామూలుగా కొత్త ఓనరుకు వస్తుంది గానీ, టైర్లూ బ్యాటరీ అందులో కలవవు.

ఈ షరతు అన్యాయమని నా అభిప్రాయం. తయారీ లోపం ఫ్యాక్టరీలోనే పుడుతుంది, బండి అమ్మిన రోజున కాదు. టైరు వయసు దాని మీదే ఉంటుంది: 1824 అని ఉంటే 2024లో 18వ వారం. ఎంత అరిగిందో గేజ్ పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తారు. క్లెయిమ్ ఒప్పుకున్నా చాలాసార్లు కొత్త టైరు ఉచితంగా రాదు, అరిగిన మేరకు డబ్బు మనమే కట్టాలి. 8 మిల్లీమీటర్ల ట్రెడ్ 4కు వచ్చిందంటే సగమో, అంతకంటే ఎక్కువో మన జేబులోంచే. మొదటి ఓనరు వాడుకున్నదంతా అలా లెక్కలో తీసేశాక, పేరు మారినందుకు కంపెనీకి కొత్తగా వచ్చే నష్టమేమిటి?

పాత ఓనరు గాలి లేకుండా, ఓవర్‌లోడ్‌తో నడిపాడేమో తెలియదు కదా అంటారు. బిల్లు మీద పేరున్న మనిషి ఎలా నడిపాడో మాత్రం వాళ్లు చూశారా? ఇన్‌స్పెక్షన్ ఉన్నది అందుకే. గాలి తక్కువగా తిరిగిన టైరు రెండు అంచుల్లో ఎక్కువ అరుగుతుంది. గుంతలో పడితే సైడ్‌వాల్ చెబుతుంది. ఒరగడం, శ్రీపెరుంబుదూరు చుట్టూ ఇన్ని టైరు ఫ్యాక్టరీలున్న ఈ ఊళ్లో ఆ పరీక్ష తెలిసినవాళ్లకు కొదవ లేదు. బిల్లూ, పేరు మారిన ఆర్‌సీ కాపీ చూపిస్తే టైరును పరీక్షకు తీసుకోవాలి. నేను అడిగేది అంతే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొన్నవారి సమ్మతితో వస్తువు వాడేవారినీ వినియోగదారులుగానే చూస్తుంది. అమ్మినాయన ఇష్టపడే కదా బండి ఇచ్చాడు. జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఈ వాదన పెట్టవచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకునేటప్పుడే టైర్ల బిల్లు కూడా అడగండి. నాకు ఆ ఆలోచనే రాలేదు. పెరంబూరు ఆయన పాపం ఇల్లంతా వెతికి బిల్లు పంపించాడు. దాన్నీ, ఆర్‌సీ కాపీనీ, ఫొటోలనూ జతచేసి కంపెనీకి ఉత్తరం రాశాను. టైరును పాత సామాన్లకు వేయలేదు. ఎవరైనా చూడటానికొస్తే చూపించాలని చాక్‌పీస్ గీత చెరగకుండా మెట్ల కింద పెట్టాను.