నామినేషన్ పత్రానికి, ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నుంచి

మహారాజశ్రీ సర్పంచ్ నామినేషన్ పత్రం గారికి,

నమస్కరించి రాయునది. తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. మా మండలంలో నామినేషన్లు తీసుకునే ఆఫీసు గేటుకు ఎదురుగా, టీ కొట్టుకూ పాన్ డబ్బాకూ మధ్య ఇరుక్కున్న జిరాక్స్ షాపు నాది. 2013లో, 2019లో, మొన్న 2025 డిసెంబర్ ఎన్నికలప్పుడు, మూడుసార్లు తమరిని చేతులారా నింపిన మనిషిని. నింపినందుకు మనిషికి రెండు వందలు, జిరాక్సులకు వేరే. ఈ మధ్యలో రాష్ట్రం తెలంగాణగా మారింది, పంచాయతీ చట్టం మారింది, ప్రభుత్వం మారింది, నా మిషను కూడా రెండుసార్లు మారింది. తమరి అమాయకత్వం మాత్రం మారలేదు. అందుకే ఈ ఉత్తరం.

తమరిని చదివితే సర్పంచ్ కావడం అంత తేలికైన పని ఇంకొకటి లేదనిపిస్తుంది. 21 ఏళ్లు నిండాలి. ఊరి ఓటరు జాబితాలో పేరుండాలి. అదే ఊరి ఓటరు ఒకరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టాలి. డిపాజిట్ 2,000, ఎస్సీ, ఎస్టీ, బీసీలకైతే 1,000. వార్డు మెంబరుకు 500, వాళ్లకే అయితే 250. చదువుతో పని లేదు. మేకపిల్ల కూడా రాని డబ్బుతో ఊరికి ప్రథమ పౌరుడు కావచ్చన్నమాట. ఈ మాట నేను షాపుకు వచ్చిన ఒక కుర్రాడికి చెబితే పడీపడీ నవ్వాడు. మధ్యాహ్నానికి నవ్వు పోయింది. ప్రతిపాదించడానికి తెచ్చుకున్న బాబాయిని టీ తాగిస్తామని ఎవరో బండెక్కించుకుపోయారు, ఐదింటిదాకా ఫోను ఎత్తలేదు. తమరేమో ఒక్క సంతకమే కదా అంటారు.

నామినేషన్ల వారంలో మా ఊళ్లు పూర్తిగా మారిపోతాయి. పంచాయతీకి బకాయి ఉంటే కుదరదని తెలిసి, ఇంటి పన్ను పేరు వింటేనే కుక్కను వదిలే పెద్దమనుషులు కార్యదర్శి కోసం వెతుక్కుంటూ వస్తారు. ఐదేళ్ల బకాయి ఒక్క పూటలో కట్టేసి, రసీదుకు మూడు జిరాక్సులు తీయించుకుంటారు. ఏడాదికోసారి నామినేషన్లు పెడితే గ్రామాలకు నిధుల కొరతే ఉండదని కార్యదర్శి ఒకసారి నాతో అన్నాడు. నామినేషన్లు ఉదయం పదిన్నర నుంచి ఐదింటిదాకా తీసుకుంటారు కానీ రాహుకాలం, వర్జ్యం, ఎదురొచ్చిన పిల్లి, అన్నీ దాటేదాకా అభ్యర్థులు నా బెంచీ మీదే కూర్చుంటారు. ఇక ఇవి పార్టీల గుర్తులు లేని ఎన్నికలు కాబట్టి మెడలో కండువాలు తీసి నా షాపు కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్తారు. బయటికి రాగానే మళ్లీ వేసుకుంటారు. మొన్న ఇద్దరి కండువాలు తారుమారై పెద్ద గొడవ అయింది. ఒకాయన అవతలి పార్టీ కండువాతో ఫొటో కూడా దిగాడు. ఆ ఫొటో వల్లే ఓడిపోయానని ఇప్పటికీ నా మీద గుర్రు.

తమరి వెంట వచ్చే స్వీయ ధ్రువీకరణ పత్రమంటే నాకు చెప్పలేనంత గౌరవం. కేసులున్నాయా, భూమెంత, బంగారమెంత, బండ్లెన్ని, అప్పులెంత, ఏం చదివావు అని ఇద్దరు సాక్షులను పెట్టుకుని మరీ అడుగుతుంది. పిల్లనిచ్చే మామ కూడా ఇన్ని అడగడు. ఏ గడీ ఖాళీగా వదలకూడదు కాబట్టి ‘లేదు’, ‘లేదు’ అని రాసీ రాసీ, ఆ వారం మా ఆవిడ అన్నం పెట్టనా అంటే కూడా లేదు అన్నాను. పక్క ఊరి దొరగారి మనవడు వచ్చాడు. గడీలో పుట్టిన మనిషి, తమరి గడుల్లో అన్నింటికీ ‘లేదు’ రాయించాడు. బంగారం లేదు, వాహనం లేదు. మరి బయట ఆగిన తెల్ల కారు ఎవరిదన్నాను. ‘బామ్మర్దిది’ అన్నాడు. మెడలో గొలుసు సంగతి అడగలేదు. అదీ బామ్మర్దిదే అయి ఉంటుంది.

ఆయన వెనకాలే ఉపాధి పనికి పోయే ఒకామె వచ్చింది. చెవి దిద్దులు, మహిళా సంఘంలో తీసుకున్న అప్పు, ఒక బర్రె, మొగుడి పాత ఎక్సెల్ బండి, అన్నీ రాయించింది. బర్రె అక్కర్లేదమ్మా అన్నాను. ‘అబద్ధం రాస్తే కేసైతదంట గద అన్నా, రాయి’ అంది. తమరిని ఇంత సీరియస్‌గా తీసుకున్న మనిషిని మూడు ఎన్నికల్లో నేను ఆమెనే చూశాను.

ఇద్దరు పిల్లల నిబంధన గురించి కూడా తమరితో మాట్లాడాలి. 1994 పంచాయతీ చట్టంతో మొదలై, 2018 చట్టంలోకీ వచ్చి కూర్చుంది. అప్పట్లో ఇద్దరికి మించితే పోటీకి పనికిరారు. మాకు తెలిసిన ఒకాయనకు ముగ్గురు. 2019లో వచ్చి, ‘మూడోవాణ్ని మా తమ్ముడి రేషన్ కార్డుల రాయించినం, నడుస్తదా?’ అన్నాడు. కార్డు ఎవరిదైనా కన్నది మీరే కదా అన్నాను. ఆ తర్వాత ఆరేళ్లు మూడోవాడు పాపం ఇంట్లో ఏ గ్లాసు పగలగొట్టినా ‘నీ వల్లనే సర్పంచ్ కాలేదురా’ అనిపించుకున్నాడు. 2025లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి నిబంధన ఎత్తేసింది. ఆయన స్వీట్ల డబ్బాతో వచ్చాడు. డబ్బా ఖాళీ కాకముందే రిజర్వేషన్ల జాబితా వచ్చింది. వాళ్ల ఊరు జనరల్ మహిళ.

మర్నాడు భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి జవాబులన్నీ తనే చెప్పాడు. పేరు చెప్పాడు, వయసు చెప్పాడు, తులాల లెక్క చెప్పాడు. చదువు దగ్గర ఆగి ఆమె వైపు చూశాడు. ‘ఇంటర్ ఫస్టియర్’ అంది ఆమె. పదిహేడేళ్ల కాపురంలో ఆయనకు ఆ సంగతి నా షాపులోనే తెలిసింది. అభ్యర్థి సంతకం అనగానే అలవాటుగా ఆయన చెయ్యే ముందుకొచ్చింది. పెన్ను వెనక్కి లాక్కున్నాను. మహిళలకు సగం సీట్లని చట్టం అంటే, ఊరు సగం సంతకాలని అర్థం చేసుకుంది. ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఎంతుందో ఆమె ముఖం అందులో బొట్టుబిళ్లంత ఉంది.

ఇంక గుర్తులు. పేర్లను తెలుగు అక్షరాల వరసలో పెట్టి, అదే వరసలో గుర్తులు పంచుతారు. కాబట్టి ‘అ’తో మొదలయ్యే పేరు పెట్టిన తల్లిదండ్రులు ఆ పిల్లలకు పుట్టినరోజే ఉంగరం పెట్టినట్టు లెక్క. రెండోవాళ్లకు కత్తెర, మూడోవాళ్లకు బ్యాటు. అభ్యర్థులు ఎక్కువైతే టూత్‌పేస్టు, చెత్తడబ్బా, బెండకాయ దాకా పోతుంది. మన మూడు పిల్లలాయన భార్యకు ఉంగరం వచ్చింది. ఇంటింటికీ ఏం పంచారో నేను చెప్పక్కర్లేదు. ఆ ఊరే అయిన మన బర్రె ఆమె పేరు ‘ల’తో మొదలవుతుంది, నాలుగో స్థానం, ఫుట్‌బాల్. ఊళ్లో ఫుట్‌బాల్ చూసినవాళ్లే లేరు. పిల్లలాడే రబ్బరు బంతి ఒకటి కొనుక్కుని అదే చూపిస్తూ తిరిగింది.

తమరు ఇంత అడిగి, అడగాల్సినవి వదిలేశారనేదే నా ఫిర్యాదు. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకకపోతే సర్పంచ్ పదవికే ఎసరని 2018 చట్టం చెబుతోంది. మరి మేకలతో మాట్లాడగలరా అని ఒక గడి ఉండొద్దా? చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. అలిగినవాళ్లను బతిమాలే అనుభవం ఎన్నేళ్లని అడగొద్దా? సొంత డబ్బుతో మోరీలు కట్టించి బిల్లు కోసం ఎన్నాళ్లు ఆగగలరని అడిగి ఉంటే, 2019లో గెలిచినవాళ్లలో సగం మంది గేటు దగ్గరే వెనక్కి తిరిగేవాళ్లు. వాళ్ల పదవీకాలం 2024 మొదట్లో అయిపోయింది, దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులు నడిపారు, మళ్లీ ఎన్నికలూ అయిపోయాయి. పాత సర్పంచ్ ఒకాయన ఇంకా నా షాపుకు వస్తూనే ఉన్నాడు. అవే బిల్లులు, అవే అర్జీలు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి అక్షరాలు పలచబడ్డాయి. ఆయన కూడా.

ఎన్నేళ్లయినా నేను మరచిపోలేనిది వేరే ఊరి సంగతి. అక్కడ నామినేషన్లకు ముందే గుడి దగ్గర పాట పాడారు. పాట అంటే సంగీతం కాదు, సర్పంచ్ పదవికి వేలమని తమరికి ఈపాటికి తెలిసే ఉంటుంది. 20 లక్షల దగ్గర కొట్టేశారు, గుడికి ఇంత, బడికి ఇంత అని పంచుకున్నారు. నేరమే, కానీ ఊరంతా కలిసి చేస్తే దానికి ఏకగ్రీవమని పేరు. 2019లోనైతే ఏకగ్రీవమైన పంచాయతీకి 10 లక్షల నజరానా ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. అరవై నెలలకు 3,90,000. దానికి 20 లక్షలు పెట్టేవాడికి లెక్కలు రావనుకోవాలో, నాకంటే బాగా వచ్చనుకోవాలో తేల్చుకోలేకపోయాను. పాడుకున్నాయన ఒక్కడే వచ్చి ఒక్క పత్రం నింపించుకున్నాడు. ‘పరిశీలన ఉంటదా అన్నా, వేరేటోళ్లు లేరు గద’ అన్నాడు. ఉంటది అన్నాను. తమరిని పరిశీలిస్తారు, పాటను కాదు.

పోలింగు పొద్దున ఏడింటికి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది, రెండింటికి లెక్కింపు, చీకటి పడేసరికి ఉపసర్పంచ్‌తో సహా తేలిపోతుంది. మా దగ్గర పెళ్లి కూడా అంత త్వరగా అవదు. తేలనిది ఖర్చు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క చూపకపోతే మూడేళ్లు పోటీకి పనికిరారు. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరికి హద్దు లక్షన్నర. విచిత్రమేమిటంటే నా దగ్గరికి వచ్చిన లెక్కలన్నీ 1,40,000కూ 1,49,000కూ మధ్యే ఆగాయి. వాల్‌పోస్టర్లు, మైకు ఆటో, టీలు. కోళ్లకు, క్వార్టర్లకు, పోలింగు ముందు రాత్రి తలుపు కింద నుంచి పోయిన కవర్లకు గడి లేదు. ఓడిపోయిన ఒకాయన ఆ కవర్లు తిరిగి ఇవ్వమని ఇంటింటికీ వెళ్లాడట. వసూలైనంత లెక్కలో తగ్గించాలా అని నన్నడిగాడు.

నలభయ్యో రోజున ఫుట్‌బాల్ ఆమె వచ్చింది. 41 ఓట్లు వచ్చాయి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాలేదు కాబట్టి డిపాజిట్ పోయింది. చీటీ మీద రాసుకొచ్చింది: పాంప్లెట్లు 1,100, మైకు ఆటో 900, బంతి 60. కూడి 2,060 అన్నాను. ‘నీ రెండొందలు ఏడ వాయె?’ అంది. అది ఎవరూ రాయరమ్మా అన్నాను. ‘నేనిచ్చిన గద. రసీదియ్యి’ అంది.

నేనెప్పుడూ రసీదు ఇవ్వలేదు. పన్నెండేళ్లలో ఎవరూ అడగలేదు. పక్క కొట్టుకు పోయి 40 రూపాయలు పెట్టి రసీదు పుస్తకం తెచ్చి, కార్బన్ పెట్టి, ఒకటో నంబరు వేసి ఆమె పేరు రాశాను. మొగుడి పేరు కూడా రాయాలా అంటే, రసీదుకెందుకు అంది. పుస్తకంలో ఇంకా 49 ఆకులున్నాయి. గెలిచినవాళ్లు కూడా లెక్కలకు వచ్చి పోయారు, నేనే ‘రసీదు కావాలా’ అని అడిగాను. ఎవరూ తీసుకోలేదు.

ఇట్లు,
జిరాక్స్ షాపు
(ఫారం నింపబడును, రసీదు ఇవ్వబడును)