సవరణ: ఆ దుఃఖం పుస్తకం నవల కాదు

పర్లాకిమిడి, గుణుపూర్ సంఘాల్లో చదువుకోడానికని మొన్న పెట్టిన క్రైస్తవ నవలల జాబితాలో సి.ఎస్. లూయిస్ ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్’ను నవలగా చూపించాను. అది తప్పు. 1960లో భార్య జాయ్ క్యాన్సర్‌తో పోయాక ఆయన రాసుకున్న రాతలవి. 1961లో ఎన్.డబ్ల్యు. క్లర్క్ అనే మారుపేరుతో అచ్చయ్యాయి. తర్వాతి ముద్రణల ముందుమాటల్లో ఈ సంగతి ఉంది. కథ కోసం తెరిస్తే నాలుగు చిన్న అధ్యాయాల్లో కథే దొరకదు, దేవుణ్ణి నిలదీసే మాటలు దొరుకుతాయి. ఇంట్లో మనిషి పోయి నెల తిరగనివాళ్లకైతే నేనివ్వను.

దుఃఖం మీద నవలే కావాలంటే ఆ చోట మెరిలిన్ రాబిన్సన్ ‘గిలియడ్’ (2004) వేసుకోండి. గుండెజబ్బుతో ఉన్న ముసలి పాస్టరు చిన్న కొడుక్కి రాసే ఉత్తరమే నవలంతా. నెమ్మదిగా నడుస్తుంది, సాహసాలు కోరేవాళ్లు విసుక్కుంటారు.

జాబితాలో సాహసం కింద రాసిన జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణం’ అలాగే ఉంచండి. కొనేముందు మాత్రం చివరి పేజీలు తిప్పి చూడండి. బన్యన్ మొదటి భాగం 1678లో, రెండోది 1684లో వచ్చాయి. సంక్షిప్త ప్రతుల్లో తరచు రెండోది ఎగిరిపోతుంది. మొదటి భాగంలోని యాత్రికుడి భార్య క్రిస్టియానా నలుగురు కొడుకుల్ని వెంటబెట్టుకుని బయల్దేరేది అందులోనే.