మంటలో పదును లేదు, ఫాయిల్‌లో అసలే లేదు

కుటుంబ గ్రూపుల్లో తిరిగే వంటింటి చిట్కాల వీడియోల్లో కత్తి వీడియోది ప్రత్యేక స్థానం. మొహాలు మారతాయి, సరుకు మాత్రం ఒకటే: కత్తికి సాన దండగ, పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే పదును పెట్టుకోవచ్చట. కత్తిని స్టవ్ మీద ఎర్రగా కాల్చి చన్నీళ్ళలో ముంచమంటారు. కత్తెరతో అల్యూమినియం ఫాయిల్ మడతలు కోయమంటారు, ఫాయిల్ లేకపోతే రాళ్ళ ఉప్పులో ఆడించమంటారు. కాఫీ కప్పు బోర్లించి దాని అడుగున కత్తి రుద్దమంటారు. పైగా రెండు ఉచిత సలహాలు: సాన పట్టిస్తే కత్తి పాడైపోతుందనీ, పిల్లలున్న ఇంట్లో మొండి కత్తే క్షేమమనీ.

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే మొత్తం చెల్లుబాటవుతోంది. ఏది నిజమో విడదీసి చూద్దాం.

ముందు మొండిబారడం అంటే ఏమిటో కంటితో చూడండి. కత్తిని వీపు కిందికి, అంచు పైకి వచ్చేలా దీపం కింద పట్టుకొని సూటిగా అంచులోకి చూడండి. పదును ఉన్నచోట ఏమీ కనిపించదు. మొండిబారిన చోట సన్నటి తెల్లటి గీత మెరుస్తుంది. రెండు ఏటవాలు పక్కలు కలిసే గీత అక్కడ గుండ్రబడి, వెలుతురును తిప్పికొట్టేంత వెడల్పు వచ్చేసిందన్నమాట. అది మళ్ళీ కోసుగా రావాలంటే రెండు పక్కల నుంచీ కాస్త ఉక్కు పోవాలి. పోవాలంటే ఉక్కు కన్నా గట్టిదేదో దాన్ని అరగదీయాలి. అందుకే ఏ చిట్కా విన్నా నేను అడిగేది ఒకటే: ఇందులో ఉక్కును అరగదీస్తున్నది ఏది?

మంటను అడగండి. ఏదీ లేదు. కాల్చినంత మాత్రాన గుండ్రటి అంచు కోసుగా మారదు. దీనికి వీడియోవాళ్ళ దగ్గర ఒక సమాధానం ఉంది: కమ్మరి కొలిమిలో కాల్చి నీళ్ళలో ముంచుతాడు కదా, మన పూర్వీకులకు తెలియదా అని. కోనసముద్రం పేరు కూడా తెస్తారు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్ళో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారన్నది నిజమే, గర్వపడాల్సిన విషయమే. కానీ ఆ ఘనత ఉక్కు తయారీది. ఆ ఉక్కుతో చేసిన కత్తినీ చివరికి రాతి మీదే నూరాలి.

కమ్మరి చేసే పని పదును పెట్టడం కాదు, గట్టిపరచడం. ఉక్కును 800 డిగ్రీల సెంటిగ్రేడ్ అటూఇటుగా ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే అది గట్టిపడుతుంది, కానీ కిందపడితే విరిగేంత పెళుసవుతుంది. ఆ పెళుసు తగ్గించడానికి మళ్ళీ 200 డిగ్రీల దగ్గర నిదానంగా కాచుతారు. ఇదంతా అయ్యాకే అంచు తీయడం. వీడియోలో మొదటి అంకం మాత్రమే ఉంది, అదీ సగం. స్టవ్ మంటకు సన్నటి అంచు ఎర్రబడుతుంది, మందపాటి వీపు ఎర్రబడదు. పైగా ఇప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తి గట్టిపడాలంటే దాదాపు 1000 డిగ్రీలు కావాలి. చివరికి మిగిలేది ఒకచోట పెళుసు, ఒకచోట మెత్తన, మధ్యలో వంకర. పాతకాలపు ఇనుప రకం కత్తి అయితే ఎంత వేడెక్కిందో రంగులే చెబుతాయి: 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. అంచు నీలిరంగు తిరిగిందంటే దాని గట్టిదనం పోయినట్టే, ఇక మీరు ఎంత నూరినా నాలుగు ఉల్లిపాయలకే మొండికేస్తుంది. ప్లాస్టిక్ పిడి కరగడం వేరే కథ.

ఫాయిల్, ఉప్పు సంగతి తేల్చడం తేలిక. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ కొలమానంలో ఉప్పు రెండు, రెండున్నర మధ్య ఉంటుంది, అల్యూమినియం మూడు దాటదు. గట్టిపరచిన ఉక్కు ఆరు పైమాటే. మెత్తటిది గట్టిదాన్ని అరగదీయలేదు. అల్యూమినియం మీద గాలి తగిలి ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిదే కదా అని తెలిసినవాళ్ళు వాదిస్తారు. ఆ ఆక్సైడ్ గట్టిదే, కొన్ని సానరాళ్ళు చేసేదీ దానితోనే. కానీ ఫాయిల్ మీద అది కొన్ని నానోమీటర్ల పొర, మెత్తటి రేకుకు అంటిపెట్టుకొని ఉంటుంది. దానితో అంచు రాదు.

మరి ఫాయిల్ కోశాక కత్తెర బాగా తెగుతోందే అంటారా? టేపులు కోసి కోసి ఆకులకు అంటిన జిగురు ఊడిపోతుంది, అంచున లేచిన సన్నటి ఇనుప నూగు కాస్త సర్దుకుంటుంది. అంతే. అసలు కత్తెర తెగకపోతే ముందు చూడాల్సింది పదునును కాదు, రెండు ఆకులను కలిపి ఉంచే మరను. మర వదులైతే రెండు ఆకుల మధ్య సందు వస్తుంది, గుడ్డ తెగకుండా ఆ సందులో మడతపడి ఇరుక్కుంటుంది. ఏ దర్జీని అడిగినా ఇదే చెబుతాడు. ఇక ఉప్పు చేసే ఖాయమైన పని తుప్పు పట్టించడం.

కప్పు దగ్గర మాత్రం వీడియోతో నాకు పేచీ లేదు. పింగాణీ కప్పు అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఒకటుంటుంది. దానిలోని ఖనిజాలు ఉక్కు కన్నా గట్టివి. పది సార్లు రుద్ది చూడండి, తెల్లటి వలయం మీద బూడిదరంగు చార పడుతుంది. ఆ బూడిదరంగు మీ కత్తి ఉక్కే. అరుగుతోందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. మన అమ్మమ్మలు రోటి అంచుకో, పెరటి మెట్టుకో కత్తిని నాలుగు రాపిళ్ళు రాసేవారే, అదీ ఇదే పని.

అయితే దీన్ని సానకు బదులు అనడం అన్యాయం. వలయం సన్నం, కత్తి ఒరిగే కోణం ప్రతి రాపిడికీ మారిపోతుంది. కాస్త మందగించిన అంచును ఆ పూటకు లేపుతుంది, పళ్ళు పడ్డ అంచును బాగుచేయలేదు. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండే సానరాయి హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. చాలామంది కార్బొరండం రాయి అని అడుగుతారు. అది సిలికాన్ కార్బైడ్, మోస్ లెక్కలో తొమ్మిది పైన.

రాయి మీద అందరూ తప్పేది కోణంలో. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కత్తికి 20 డిగ్రీల కోణం కావాలంటే వీపు రాతి నుంచి సుమారు 1.4 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. సరిగ్గా తగులుతోందో లేదో తెలియాలంటే అంచు పక్కన మార్కర్ పెన్నుతో నల్లగా పూయండి. రాయి మీద రెండుసార్లు లాగి చూడండి. నలుపు చివరి అంచు దాకా పోతే కోణం సరిపోయింది, పైభాగాన మాత్రమే పోతే వీపును ఇంకాస్త లేపాలి. రాయి తడిగా ఉండాలి. ఒక పక్క నూరుతూ పోతే అవతలి పక్క అంచు పొడవునా సన్నటి ఇనుప నూగు లేస్తుంది. బొటనవేలిని వీపు నుంచి అంచు వైపు మెల్లగా జరిపితే తగులుతుంది (అంచు వెంబడి మాత్రం ఎప్పుడూ జరపకండి). ఆ నూగు ఈ చివర నుంచి ఆ చివర దాకా తగిలేవరకు రెండో పక్క తిప్పొద్దు. ఇంట్లో నూరినా పదును రాలేదనేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. చివర్లో నునుపు వైపున తేలిగ్గా, పక్కలు మారుస్తూ ఆ నూగు తీసేయాలి. టమాటా తొక్క మీద కత్తిని ఒత్తకుండా లాగితే దిగాలి.

సాన పట్టిస్తే పాడైపోతుందన్న మాట మనిషిని బట్టి, చక్రాన్ని బట్టి ఉంటుంది. సైకిల్ తొక్కుతూ సాన పట్టేవాళ్ళ చక్రం మరీ వేగంగా తిరగదు, చేయి తెలిసినవాడు కత్తిని ఒక్క క్షణం తాకించి తీసేస్తాడు. మోటారు చక్రానికి పొడిగా ఒత్తిపట్టుకుంటేనే చిక్కు. రాలే నిప్పురవ్వలు మండుతున్న ఉక్కు రేణువులే కాబట్టి అంచు ఎంత వేడెక్కుతోందో ఊహించుకోవచ్చు. 200 డిగ్రీలు దాటితే మంట దగ్గర చెప్పుకున్న నష్టమే ఇక్కడా. మధ్యమధ్య నీళ్ళలో ముంచమని అడగండి. తిరిగి ఇచ్చాక అంచున నీలం, గోధుమ మచ్చలు ఉంటే మరోసారి అతని దగ్గరికి వెళ్ళకండి. విచిత్రమేమిటంటే, సాన వేడికి కత్తి పాడవుతుందని భయపెట్టే వీడియోనే దాన్ని స్టవ్ మీద పెట్టమంటోంది!

మొండి కత్తి క్షేమం అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. పదును లేకపోతే బలం వాడతాం. దొండకాయ మీదో, టమాటా మీదో జారిన కత్తి ఆ బలమంతా పెట్టుకొని వేలి మీదికి వస్తుంది. ఉల్లిపాయ కన్నీళ్ళకూ దీనితో లంకె ఉంది. 2025లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉల్లిపాయ కోతను హైస్పీడ్ కెమెరాతో తీసి చూశారు. మొండి కత్తి పొరను ముందు వంచుతుంది, లోపల ఒత్తిడి పెరిగి రసం తుంపరలు ఎక్కువగా, వేగంగా ఎగజిమ్ముతాయి. పదునైన కత్తితో నిదానంగా కోస్తే తుంపర తక్కువ. పిల్లలకు భయమైతే కత్తిని వాళ్ళకు అందనిచోట పెట్టాలి.

కత్తిపీట విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. అక్కడ కత్తి కదలదు, చేతులే అంచు వైపు కదులుతాయి. మొండిదైతే గుమ్మడికాయ ముక్కను రెండు చేతులా నెట్టాల్సి వస్తుంది, ముక్క పుటుక్కున తెగితే అరచేయి ఆగదు. దానికి సాన పట్టేటప్పుడు కత్తి రాయి మీదికి రాదు, రాయే కత్తి దగ్గరికి రావాలి. పీట కింద తడిగుడ్డ వేసి జరగకుండా చేసుకోండి. రాయిని వేళ్ళు అంచు దాటి రాకుండా పట్టుకొని, వీపు వైపు నుంచి అంచు వైపు కాకుండా, అంచు వైపు నుంచి వీపు వైపుకే తోయండి. అయ్యాక కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇనుపదైతే రెండు చుక్కల నూనె పూయండి.