మూడ్ కోసం ఆగితే ట్యూన్ కదలదు
మూడ్ వచ్చినప్పుడే పాట కడతానని, డబ్బు కోసం చేయనని ఒక సంగీతకారుడు చెప్పాడు. ఆ మూడ్ మాట నాకు మింగుడు పడలేదు. నేనూ ఇంట్లో ట్యూన్లు కట్టుకుంటాను. మూడ్ కోసం ఆగిన రోజుల్లో 8 బార్ల లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే చిన్న ముక్క, దాటి ముందుకు పోయింది లేదు, డ్రమ్ సౌండ్లు మార్చుకుంటూ అదే వందసార్లు వినడం. ఇప్పుడు 4 ట్రాక్‌లే (ట్రాక్ అంటే విడిగా రికార్డ్ చేసే ఒక వరుస) అని గీత గీసుకున్నాను. 1979లో వచ్చిన టాస్కామ్ పోర్టాస్టూడియో అనే రికార్డింగ్ యంత్రంలో క్యాసెట్ మీద ఉన్నవి అన్నే కదా, ఐదోది కావాలంటే ముందువి కలిపేసి చోటు చేసుకోవాల్సిందే. నిన్న ఫోన్‌లో కూనిరాగం రికార్డ్ చేస్తే వెనక ఫ్యాన్ కిర్రుమనడం కూడా పడింది. తీసేద్దామనుకున్నా, తీరా వింటే తాళానికి భలే కుదిరింది, ఉంచేశాను. డబ్బు కోసం చేయనన్న మాట మాత్రం ఒప్పుకుంటా, ఇందులో వచ్చేదేముంది గనక!